కాటా గదిలో నల్ల కిటికీ

చీమకుర్తి దాటాక రెండో వేబ్రిడ్జి.
రాతిపొడి పడీ పడీ
కీబోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి,
చెరిగిన సగం మాలకొండయ్య వేళ్లకు మాత్రమే కనిపిస్తాయి.
"ఏందమ్మే మస్తాన్‌బీ, పొద్దున్నుంచి కాటా పలకటంల్లా.
బండ్లు మలుపు దాకా నిలబడిపోయినై" అన్నాడు,
ఏదో నేనే ఆపినట్టు.

బయట ట్రెయిలర్ల మీద నల్లరాళ్లు,
ఒక్కోటి ఒక్కో గదంత.
కోసినచోట నీళ్లు చల్లితే
లోపల బంగారు రవ్వలు బయటపడతాయి.
ఇక్కడ ఎండకి మాత్రం ఉత్త బూడిదరంగు.

సంచీ దించి, చెప్పులు విప్పి కూర్చున్నాను.
మామూలుగా తెరిస్తే ఆ నల్ల కిటికీ
నన్ను మామూలు మనిషిగానే చూస్తుంది,
ఏదడిగినా కుదరదంటుంది.
కుడి మీట నొక్కి, అడ్మినిస్ట్రేటర్‌నని చెప్పి
పెద్దరికం అరువు తెచ్చుకుని తెరవాలి.

తెర మొత్తం మసకబారింది,
వోల్టేజి పడిపోయిన సాయంత్రంలా.
నడిమధ్యన ఒక్క ప్రశ్న:
ఈ యంత్రంలో మార్పులు చేయనిస్తావా?
అవును. కాదు.

ఓనరుగారి పాస్‌వర్డు
క్యాలెండరు వెనక గోడమీద పెన్సిలుతో రాసుంది.
వాళ్ల పాప పేరు, పుట్టిన సంవత్సరం.
ఆ పిల్లని నేనెప్పుడూ చూళ్లేదు.
ఇట్టా పేరూ వయసూ మాత్రమే తెలిసిన పిల్లలు
నాకీ జిల్లాలో నలభైమంది.

అవును, అన్నాను.
నలుపు.
మూలన ఒక చిన్న గీత
కొట్టుకుంటా, కొట్టుకుంటా.

ఇక లోపల ఎవరూ "నిజంగానేనా?" అని అడగరు.
చెప్పింది చేస్తుంది. తప్పు చెప్పినా చేస్తుంది.
పని నేర్చుకునే రోజుల్లో, ఒంగోలు షాపులో
ఒక్క ఖాళీ ఎక్కువ కొట్టి
ఒక బడి మొత్తం మార్కులు పోగొట్టాను.
యంత్రం తిట్టలేదు. కనీసం దగ్గలేదు.
కింద వరసలో గీత నిలబెట్టి
ఇంకేంటి, అన్నట్టు చూసింది.
అప్పట్నుంచీ ఈ చెప్పులు విప్పటం.
మాలకొండయ్య భక్తి అనుకుంటాడు.

కాటా తీగకి పాత నంబరు పోయి కొత్తది వచ్చింది, అంతే.
నాలుగు వరసలు కొట్టాను.
ఈలోగా ఫోను. ఓనరుగారి బామ్మర్ది.
"ఎట్టాగూ లోపలికి పోయావుగా,
పోయిన మార్చి తూకాలు తీసెయ్యి.
పాతవి. చోటు తింటన్నై."
పాతవి అనే మాట దగ్గర గొంతు కాస్త తగ్గింది.

కిటికీలోంచి, అసలు కిటికీలోంచి, క్వారీ అంచు కనపడతది.
ఒకప్పుడది మిట్ట. మాలకొండయ్య మేకలు తోలాడంట.
ఇప్పుడు అడుగున పచ్చనీళ్లు.
దాన్నెవరూ ఒక్క క్షణం మసకబరిచి
మార్పులు చేయనిస్తావా అని అడగలేదు.

వరస రాశాను. చివర మార్చి పేరు రాశాను.
ఎంటర్ మీద వేలు.
ముప్పై ఒక్క రోజులు, ఎన్ని బండ్లో,
ఎన్ని రాళ్లు కాగితం మీద చిక్కిపోయి
రేవు చేరేసరికి ఒళ్లు చేశాయో
నాకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.
గీత కొట్టుకుంటానే ఉంది.

ఒక్కో అక్షరం వెనక్కి చెరుపుకుంటా వచ్చాను.

"అది తెరుచుకోటంల్లేదు సార్," అన్నాను,
"హక్కులు లేవంటోంది."
హక్కులన్నీ నా చేతికిందే ఉన్నాయి.
నల్ల కిటికీకి చాడీలు చెప్పటం రాదు.
మాలకొండయ్య తెరను చూశాడు, నన్ను చూశాడు,
టీలో ఈగ పడిందేమోనని గ్లాసులోకి చూసుకున్నాడు.

మూడొందలంటే రెండొందల యాభై ఇచ్చాడు.
మిగతాది పైసారంట. ఎప్పుడూ పైసారే.

బస్సుకి అడ్డదారి కాటా మీదుగానే.
అంత రాళ్లు మోసే ఇనప పలక మీద
నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినపడింది.
లోపల్నించి కేకేశాడు:
"పలికింది అమ్మే! అరవై!"
దానికి ఇరవైల్లోనే లెక్కొచ్చు.
సంచీది ఎంతో, నాదెంతో,
ఇందాకటి అబద్ధానిదెంతో విడదీయలేదు.
"రాసుకోమంటావా?" అన్నాడు నవ్వుతా.

నేనన్నది వెనక లారీ హారన్‌లో కలిసిపోయింది.